బతికొచ్చినవారి సాక్ష్యం

మా ఆయన కరోనా నుంచి బతికి బయటపడ్డారు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయని చెప్పి ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపించేశారు. అక్కడితో వాళ్ల పని అయిపోయింది, నా పని మొదలైంది. బతికొచ్చిన మనిషికి బతకాలని లేకపోతే ఏం చెయ్యాలో డిశ్చార్జి చేసేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

మాది అంబాజీపేటకి దగ్గర్లో కాలువ పక్క ఊరు. ఇద్దరం టీచర్లం. ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతారు, నేను ప్రాథమిక పాఠశాలలో చిన్నపిల్లలకి అన్నీ చెబుతాను. మామగారి ఇంటిని అన్నదమ్ములిద్దరూ మధ్యలో గోడ కట్టుకుని పంచుకున్నారు. గోడ కట్టారు గానీ అందులో ఒక గుమ్మం వదిలారు, దానికి తలుపు పెట్టలేదు. అటు నుంచి ఇటు కూరగిన్నెలు, ఇటు నుంచి అటు పచ్చడి జాడీలు పొద్దస్తమానం తిరుగుతూనే ఉండేవి. అవతలి వాటాలో మా మరిది, తోడికోడలు, ఇంటర్ చదివే వాళ్లమ్మాయి ఉండేవారు. మా మరిది కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చి, కారు కొనుక్కుని బాడుగలకి తిప్పుకునేవాడు. అతను ఊళ్లో ఉంటే వీధి వీధంతా నవ్వుతూ ఉండేది. "మా అన్నయ్య లెక్కల మాస్టారు కదండీ వదినగారూ, నవ్వులు కూడా లెక్కపెట్టుకుని వాడతారు" అనేవాడు నాతో. మా ఆయన పైకి విసుక్కునేవారు గానీ తమ్ముడంటే ఆయనకి ప్రాణం. చిన్నప్పుడు తండ్రి పోతే చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది ఈయనే.

రెండో వేవ్‌లో రెండు వాటాల్లోనూ అందరికీ జ్వరాలు వచ్చాయి. మా ఆయనకి ఆయాసం మొదలైంది. అంబులెన్సుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. చివరికి ఎత్తినా, బండి లేదన్నారు. ఊళ్లో ఎవర్ని పిలుస్తాం? కరోనా ఇంటి గుమ్మం ముందు నుంచి నడవడానికే జనం భయపడుతున్న రోజులవి. మా మరిది తనే కారు తీశాడు. అతనికీ జ్వరమే. ముఖం పాలిపోయి ఉంది. "నాకేం అవలేదండీ వదినగారూ, ఒళ్లునొప్పులంతే. అన్నయ్యని చేర్పించేసి వచ్చేస్తాను" అన్నాడు. మా ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టాం. తోడికోడలు ముందు కూర్చుంది. నేను జ్వరంతో నిలబడలేక గేటు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. అతన్ని చూడటం అదే ఆఖరు.

ఆ తర్వాత జరిగింది నాకు తోడికోడలు ఒక్కసారే చెప్పింది. అమలాపురంలో ఆసుపత్రులన్నీ తిరిగారు. ఒక చోట ఆక్సిజన్ ఉన్న మంచం ఒక్కటే ఖాళీగా ఉందన్నారు. మా ఆయన్ని అక్కడ దింపుకున్నారు. మా మరిది వేలికి కూడా ఆక్సీమీటరు పెట్టి చూస్తే అతనికీ ఆక్సిజన్ తక్కువే ఉంది, కాకినాడ వెళ్లిపొమ్మన్నారు. తనే నడుపుకుంటూ బయలుదేరాడు. ముమ్మిడివరం దాటాక కారు రోడ్డు పక్కకి తీసి, "కాసేపు ఆగి వెళ్దాం" అని స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఆమెకి కారు నడపడం రాదు. రోడ్డు మీద నిలబడి వచ్చే బండికల్లా చెయ్యి ఊపింది. ఎవరూ ఆపలేదు. అంతవరకే చెప్పి, "ఇంక నన్ను అడక్కక్కా" అంది. నేను అడగలేదు.

అతన్ని మూట కట్టి తెచ్చారు. సమాధుల తోటలో జేసీబీతో గొయ్యి తీసి, ముసుగులు వేసుకున్న నలుగురు కుర్రాళ్లు దించారు. గంట కొట్టలేదు, పాట పాడలేదు. మా సంఘం పాస్టరు అయ్యగారు దూరంగా గట్టు మీద నిలబడి ప్రార్థన చేశారని తర్వాత విన్నాను. మా ఆయనకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చిన రోజు షెడ్డులో కారు కనిపించింది. దాని మీద టార్పాలిన్ కప్పి ఉంది. ఆయన దాన్నే చూస్తూ కాసేపు నిలబడి, నన్ను ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయారు. ఏడుస్తారని ఎదురుచూశాను, ఏడవలేదు.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడం అని ఒక ఆచారం ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక, దేవుడు ఏదైనా మేలు చేస్తే ఆ మనిషి లేచి నిలబడి అందరి ముందూ దాన్ని చెప్పాలి. వీసా వచ్చినవాళ్లు చెబుతారు, పరీక్ష పాసైనవాళ్లు చెబుతారు, గేదె సుఖంగా ఈనితే దాని యజమాని చెబుతాడు. విన్నవాళ్లంతా ఆమెన్ అంటారు. నాకు ఈ ఆచారం మీద ఏ కోపమూ లేదు. టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు నేనూ చెప్పాను, చెబుతూ ఏడ్చాను కూడా. కానీ కరోనా తగ్గి చర్చి తెరిచాక సాక్ష్యాలన్నీ బతికొచ్చినవాళ్లవే అయిపోయాయి. చచ్చిపోయినవాళ్ల తరఫున లేచి నిలబడటానికి ఆచారం లేదు కదా. వాళ్ల ఆడవాళ్లు బెంచీల మీద కూర్చుని మిగతావాళ్లతో పాటు ఆమెన్ అనాలి.

మొదటి ఆదివారమే అయ్యగారు మా ఆయన్ని పిలిచారు. "మాస్టారు మన మధ్య ఉండటమే పెద్ద సాక్ష్యం. రండి మాస్టారూ, చెప్పండి" అన్నారు. ఆయన లేచి ముందుకి వెళ్లారు. పాఠం చెప్పినట్టు ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు చెప్పుకుంటూ వచ్చారు. జ్వరం, ఆయాసం, ఆసుపత్రులు. "ఒకే ఒక్క మంచం మిగిలింది. ఆ మంచం దేవుడు నా కోసం ఉంచేడు" అన్నారు. చర్చి దద్దరిల్లిపోయింది. ఆడవాళ్ల వైపు రెండో వరసలో తెల్లచీరలో మా తోడికోడలు కూర్చుని ఉంది. ఆమె కూడా ఆమెన్ అంది. నాకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఆ మంచం ఈయన కోసం ఉంచిన దేవుడు ఆ పిల్ల మొగుడి కోసం ముమ్మిడివరం రోడ్డు ఉంచాడా? బయటికొచ్చాక మా ఆయన చర్చి వెనక కొబ్బరిచెట్ల దగ్గర వాంతి చేసుకుంటూ కనిపించారు. "ఎండ" అన్నారు. బయట మబ్బు పట్టి ఉంది.

ఆ సాక్ష్యం ఎవరో ఫోనులో తీశారు. అది ఊరూరా తిరిగింది. కొత్తపేట వైపు నుంచి, రాజోలు వైపు నుంచి పిలుపులు మొదలయ్యాయి. ఇంటింటి కూడికలు, ఉపవాస ప్రార్థనలు, కృతజ్ఞత కూడికలు. ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్లేవారు. కాదనడం ఆయనకి చేతకాదు. చెప్పగా చెప్పగా ఆ సాక్ష్యం నున్నబడింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆయనకి తెలిసిపోయింది. ఇంటికొచ్చాక మాత్రం మంచం ఎక్కేవారు కాదు, కటిక నేల మీద పడుకునేవారు. రెండు ముద్దలు తిని కంచంలో చెయ్యి కడిగేసుకునేవారు. చొక్కా జేబులో ఆక్సీమీటరు పెట్టుకుని తిరుగుతూ, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో వేలికి తగిలించుకునేవారు. గోడలో ఉన్న ఆ గుమ్మం దాటి అవతలి వాటాలోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. తోడికోడలు ఎప్పటిలాగే కూర పంపించేది. దాన్ని ముట్టుకునేవారు కాదు.

నేను చుట్టాలకి చెబితే ఎవరూ నమ్మలేదు. "అదేంటమ్మా, నిన్ననే ఐనవిల్లిలో ఎంత బాగా చెప్పేరు! నాకైతే ఒళ్లు పులకరించింది" అంది మా ఆడపడుచు. అదీ మా వాళ్ల లెక్క. సాక్ష్యం చెప్పగలుగుతున్నాడంటే మనిషి బాగున్నట్టే. నిలబడి, గొంతెత్తి, దేవుణ్ని స్తుతిస్తున్నవాడికి లోపల జబ్బు ఉంటుందని ఊహించడమే పాపం అన్నట్టు చూసేవారు నన్ను.

ఒక రోజు ఆయనతోనే అన్నాను, "ఆ మంచం ముక్క తీసెయ్యండి. అవతల మీ మరదలు వింటోంది" అని. సరే అన్నట్టు తలూపారు. తర్వాతి కూడికలో ఆ మాట లేకుండానే ముగించబోయారు. పక్కనే కూర్చున్న అయ్యగారు, "మంచం సంగతి, మాస్టారూ, మంచం సంగతి" అని అందించారు. పాఠం మర్చిపోయిన పిల్లాడిలా ఈయన మళ్లీ మొదలుపెట్టి చెప్పేశారు. ఆ రోజు అయ్యగారి మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. కానీ ఆయన సంగతీ నాకు తెలుసు. ఆ నెలల్లో పక్క ఊళ్ల సమాధుల దగ్గర కూడా ఒక్కరే నిలబడింది ఆయనే. ఎవరో ఒకరు బతికారని పదే పదే వినకపోతే ఆయనా మంచం పట్టేవారేమో.

బడులు తెరిచాక మా ఆయన స్కూలు హెడ్‌మాస్టరు గారు నాకు ఫోను చేశారు. "ఏమనుకోకండి మేడమ్. మాస్టారు పాఠం బాగానే చెబుతున్నారండి. కానీ క్లాసులో ఎవరైనా పిల్లాడు చెయ్యెత్తితే చాలు, చాక్‌పీసు అక్కడ పెట్టేసి బయటికొచ్చేస్తున్నారండి. ప్రశ్నలడగడం పూర్తిగా మానేసేరు" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. అడిగితే, "గోల చేస్తున్నారు పిల్లలు" అన్నారు మా ఆయన.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం భోజనానికి పిలుద్దామని చూస్తే ఇంట్లో ఎక్కడా లేరు. పెరడు చూశాను, కాలువగట్టు చూశాను. షెడ్డు వైపు వస్తే కారు మీద టార్పాలిన్ ఒక పక్కకి తొలగి ఉంది. వెనక సీట్లో కూర్చుని ఉన్నారు, అద్దాలన్నీ మూసి ఉన్నాయి. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మొహం ఎర్రగా ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. తలుపు లాగి, ఆయన్ని రెండు చేతులా పట్టి బయటికి ఈడ్చాను. నేల మీద పడ్డాక, "ఇందులో గాలి ఆడదు. వాడికీ ఇలాగే ఉండుంటుంది" అన్నారు నెమ్మదిగా. ఆ గొంతు విని నేను భయపడినంత కరోనాకి కూడా భయపడలేదు. ఈయన చచ్చిపోదామని చూస్తున్నారని నాకప్పుడు తెలిసింది. బకెట్టు నీళ్లు ఆయన నెత్తి మీద కుమ్మరించి, పక్కనే కూర్చుని తిట్టాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, తిడుతూ ఏడ్చాను.

మర్నాడే రాజమండ్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తానన్నాను. ఆ మాట ఎలా పొక్కిందో తెలీదు, సంఘ పెద్ద ఒకాయన పొద్దున్నే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. "ఆలోచించండమ్మా. మాస్టారి సాక్ష్యం విని ఎంతమంది విశ్వాసంలో నిలబడ్డారు! ఆయన్ని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేరంటే బయటివాళ్లు ఏమనుకుంటారండి? ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం" అన్నారు. "ఉపవాసం ఆయన ఎప్పట్నుంచో చేస్తున్నారండి. మీరు చూడలేదంతే" అన్నాను. ఆయన టీ తాగకుండా వెళ్లిపోయారు.

కొత్తపేట, రావులపాలెం మీదుగా బస్సులో తీసుకెళ్లాను. జొన్నాడ వంతెన మీద ఆయన గోదారి వైపు చూస్తుంటే నేను ఆయన మోచెయ్యి పట్టుకునే ఉన్నాను. డాక్టరు పెద్దావిడ, నెమ్మదస్తురాలు. ఎంతో ఓపిగ్గా అడిగింది. ఈయన సాక్ష్యంలో చెప్పేదే ఆమెకీ చెప్పారు, అవే మెట్లు, అదే గొంతు. ఆవిడ రాసుకోవడం ఆపి, "ఇది మీరు చాలాసార్లు చెప్పినట్టున్నారు. ఎవరికీ చెప్పనిది ఏమైనా ఉందా?" అంది. ఈయన నేల చూశారు. ఆవిడ మళ్లీ అడగలేదు. మందులు రాసిచ్చి, నన్ను పక్కకి పిలిచి, ముందు ఈ సాక్ష్యాలు మాన్పించమంది, ఒంటరిగా వదలొద్దంది. కారు తాళాలు నేను అప్పటికే బియ్యం డబ్బాలో దాచేశాను.

సాక్ష్యాలు మాన్పించాను. దేవుడి పనికి అడ్డుపడుతున్నానని ఊళ్లో నాకు పేరొచ్చింది. వస్తే వచ్చింది అనుకున్నాను. నాకు నా మొగుడు కావాలి.

ఆ ఏడు మా మరిదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. చనిపోయినప్పుడు నలుగురూ కూడి ఏడవలేదు కాబట్టి ఇప్పుడైనా చెయ్యాలని తోడికోడలే పట్టుబట్టింది. వాళ్ల వాకిట్లో షామియానా వేశారు. కుర్చీ మీద అతని ఫొటో పెట్టారు, కువైట్‌లో దిగింది, నల్ల కళ్లద్దాలతో. పాటలయ్యాయి, ప్రార్థనయ్యింది. ఇంటి పెద్దగా అన్నగారు రెండు మాటలు చెప్పాలన్నారు అయ్యగారు. నేను వద్దని సైగ చేశాను. మా ఆయన నన్ను చూడలేదు. లేచి నిలబడ్డారు. ఎవరూ అంతకుముందు వినని గొంతుతో మొదలుపెట్టారు.

"ఆ రోజు నర్సమ్మ గారు కారు దగ్గరికి వచ్చేరండి. ఇద్దరి వేళ్లకీ మిషను పెట్టి చూసేరు. ఇద్దరికీ తక్కువే. మంచం ఒకటే ఉంది, ఎవర్ని దింపమంటారు అని అడిగేరు. తమ్ముడు నా వైపు చూసేడు. వాడు నోరు తెరిచేలోపు నేను చెయ్యెత్తేనండి. మాట రావట్లేదు నాకు, చెయ్యి మాత్రం ఎత్తగలిగేను. ఆవిడ నన్ను దింపుకుంది. మంచం దేవుడు ఉంచలేదండి. నేను అడిగి తీసుకున్నాను."

ఆయన ఫొటో వైపు తిరిగి చేతులు జోడించి, అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. నేను వెళ్లి పట్టుకున్నాను. తోడికోడలు లేచింది. వస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. లోపలికి వెళ్లి, జనానికి వండిన పులిహోర గిన్నె మూత తీసి, గరిటెతో కలుపుతూ నిలబడింది. వడ్డన పూర్తయ్యేదాకా బయటికి రాలేదు.

నేను భయపడినట్టు ఎవరూ ఆయన్ని నిందించలేదు. అయ్యగారు కౌగిలించుకుని ఏడ్చారు. "ఎంత తగ్గింపు మనసు! ఎంత గొప్ప సాక్ష్యం!" అన్నారు ఒకరూ ఇద్దరూ. రాజోలు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన చేతులు కడుక్కుంటూనే నా దగ్గరికి వచ్చి, "మా కూడికలకి కూడా మాస్టారు వచ్చి ఈ సంగతి చెబితే బాగుంటుందండి" అన్నారు. "మీ ఊళ్లో ఎవరూ చచ్చిపోలేదాండీ? మా ఇంట్లోవాళ్లే కావాలా?" అన్నాను.

ఆ రోజు నుంచి మా ఆయన మారారు. మందుల గుణం కూడా అయ్యుండొచ్చు. మంచం మీద పడుకున్నారు. జేబులోని ఆక్సీమీటరు తీసి అలమారలో పెట్టేశారు. కాస్త తింటున్నారు. బడిలో ఎవరో పిల్లాడు తప్పు లెక్క చేసి తనతో వాదించాడని చెప్పి కొంచెం నవ్వారు. ఆ నవ్వు చూసి నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చాను, సంతోషంతోనే. నా మొగుడు నాకు దొరికాడు అనుకున్నాను.

అవతలి వాటా నుంచి కూర రావడం ఆగిపోయింది. గోడలోని గుమ్మానికి ఒక పాత దుప్పటి అడ్డంగా కట్టేసి ఉంది. తోడికోడలు చర్చికి రావడం మానేసింది. సంఘంలోని ఆడవాళ్లు గుంపుగా వాళ్లింటికి వెళ్లి వస్తున్నారు, వచ్చేటప్పుడు నాకు కనిపించకుండా సందులోంచి వెళ్లిపోతున్నారు. కొన్నాళ్లు చూసి, మా ఆయన బడికి వెళ్లాక, ఒక ఉదయం దుప్పటి తొలగించుకుని నేనే వెళ్లాను. ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. మనిషి సగమైపోయింది.

"నేను చూసేనక్కా" అంది, నేను ఏమీ అడక్కముందే. "బావగారు చెయ్యెత్తడం నేను చూసేను. మా ఆయనా చూసేరు. చూసి, 'ఆయ్, అన్నయ్యనే దింపండి' అన్నారు నర్సుతో. కారెక్కేక నాతో, 'మనం చూసేమని అన్నయ్య దగ్గర ఎప్పుడూ అనకు, బతికొస్తే తట్టుకోలేడు' అన్నారు. నేను ఆ మాట నిలబెట్టేను. బావగారు మంచం గురించి చెప్పినప్పుడల్లా ఆమెన్ అన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు కాబట్టి అనగలిగేను."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆ డాక్టరు దగ్గరికి నువ్వూ రా, నేను తీసుకెళ్తాను అన్నాను.

"నాకేం జబ్బక్కా? జరిగింది జరిగినట్టు తెలియడం జబ్బా?" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. "ఇప్పుడు అందరూ వస్తున్నారు. బావగారిని క్షమించేనని లేచి సాక్ష్యం చెప్పమంటున్నారు. వచ్చే ఆదివారం అయితే బాగుంటుందట. అయ్యగారు కూడా వచ్చి అడిగేరు. నేను క్షమించలేదక్కా. ఎప్పటికైనా క్షమిస్తానేమో, నాకు తెలియదు. ఆయన చెప్పేసి తేలికైపోయేరు. నేను చెప్పకపోతే ఆయన మళ్లీ మొదటికొస్తారు. నాకు తెలుసు, ఆయన్ని కారులోంచి నువ్వు లాగినప్పుడు నేను ఈ కిటికీలోంచి చూసేను." నా వైపు తిరిగింది. "చెప్పమంటావా, వద్దంటావా? నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను."

వద్దు అనాలి. అది నాకు తెలుసు. ఆ పిల్లకి మిగిలింది ఆ ఒక్కటే, తన కోపం తనది. దాన్ని కూడా అందరి ముందూ లాక్కోకూడదు. వద్దు అన్న మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు నేల మీద పడి నీళ్లోడుతున్న నా మొగుడి ముఖం కనిపించింది. నేను ఏమీ అనలేకపోయాను. ఆమె నా ముఖం చూసింది. "సర్లే అక్కా" అని లేచి, పొయ్యి వెలిగించింది.

ఆదివారం అయ్యగారు పిలవగానే ఆమె లేచి నిలబడింది. అదే తెల్లచీర. "మా బావగారిని క్షమించేనండి" అంది. అంతే, ఇంకొక్క మాట లేదు. చర్చి అంతా ఆమెన్ అంది. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మా ఆయన మోకాళ్ల మీద పడి, తమ్ముడు పోయినప్పుడు ఏడవని ఏడుపంతా ఏడ్చారు. నేను మాత్రం ఆమెన్ అనలేదు. ఆఖరి ప్రార్థన అవకుండానే ఆమె చెప్పులేసుకుని ఒక్కతే ఇంటికి వెళ్లిపోయింది. కూతురు వెనకే పరిగెత్తింది.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి కూర్చున్నారు. చాలా కాలం తర్వాత మారు అన్నం అడిగారు. పెట్టాను.